మూసిన వైపు ముందుకు

సెప్టెంబర్ 30, సోమవారం

సైకిల్ మళ్లీ సర్వీస్ అయి వచ్చింది. ఈ నెలలో ఇది మూడోసారి. తళతళా మెరుస్తోంది.

మా ఆయన దిగగానే నేను చూసింది సైకిల్‌ని కాదు, ఆయన కుడి చెప్పుని. మడమ దగ్గర సగం అరిగిపోయింది. ఎడమది బాగానే ఉంది. బ్రేకు పట్టక కాలు నేలకు రాసి ఆపుతున్నారు. నాతో అనలేదు. అడిగితే చెప్పు నాసిరకం అన్నారు.

దసరాకి మా పాప కావ్యను బడిలో చేరుస్తున్నాం. పద్నాలుగో తేదీ నుంచి అది రోజూ ఆ సైకిల్ మీదే వెళ్లాలి. ముందు బార్‌కి చిన్న సీటు బిగించారు. ఒర్లియంపేట నుంచి గోరిమేడు దాకా, బస్సుల మధ్య. బడి ఆయన ఆఫీసు పక్కనే. కావ్యకి మూడున్నరేళ్లు.

అక్టోబర్ 2, బుధవారం

ఆయనకు సెలవు. పడుకున్నారు. నేనే సైకిల్ నడిపించుకుంటూ చిన్నదురై అన్న రిపేరు షాపుకు వెళ్లాను. మా గుమ్మానికి సరిగ్గా ఎదురు. అందుకే పగలంతా తలుపు వేసే ఉంచుతాను.

యానాం నుంచి ఈ తమిళ ఊరికి వచ్చిన కొత్తలో మాకు ఇక్కడ ఎవరూ తెలియదు. ఓనరమ్మ ఇల్లు ఇవ్వనంటే చిన్నదురై అన్నే, వీళ్లు మంచివాళ్లు, పూచీ నాది అని చెప్పాడు. ఆవిడకి తమ్ముడు వరస. అన్న మాట మీదే ఈ ఇంట్లో ఉన్నాం.

షాపులో ముగ్గురు టీ తాగుతున్నారు. ఇంట్లో పదిసార్లు అనుకుని వెళ్లిన తమిళం అక్కడికి వెళ్లేసరికి పోయింది. బ్రేకు అని చూపించాను. అన్న వెనక చక్రం పైకెత్తి, పెడల్ గిర్రున తిప్పి, బ్రేకు నొక్కాడు. ఆగింది. చూశావా అన్నట్టు తల ఊపాడు.

గాలిలో తిరిగే చక్రం ఎలాగూ ఆగుతుంది. మీద మనిషి కూర్చుంటే కదా తెలిసేది. ఆ మాట నాకు తమిళంలో రాలేదు. అప్పుడు తెలుగులో కూడా రాలేదు. టీ తాగేవాళ్లలో ఒకడు ఏదో అన్నాడు. అందరూ నవ్వారు. అన్న బ్రేకు కేబుల్ ఇంకో చుట్టు బిగించి, చైనుకు నూనె పోసి పంపేశాడు.

అక్టోబర్ 3

చెప్పు ఇంకా అరిగింది.

అక్టోబర్ 5, శనివారం

పొద్దున కుళాయి దగ్గర సైకిల్ కడుగుతున్నాను. వీధి చివరింటి అంబుజం పెద్దమ్మ నీళ్లకు వచ్చి నిలబడింది. వాళ్లు ఎన్నో తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు. వాళ్లాయన బీచ్ దగ్గర టూరిస్టులకు సైకిళ్లు అద్దెకు ఇచ్చేవాడట. ఆయన ముందు కూర్చుని అద్దెకిస్తే, వెనక పెరట్లో ఈమె బాగుచేసేది. ముప్పై ఏళ్లు చేసింది. బోర్డు మీద మాత్రం ఆయన పేరే.

పెద్దమ్మ బ్రేకు పట్టుకుని సైకిల్‌ని తోసింది. జారుకుంటూ పోయింది. బ్రేకు రబ్బరు పట్టుకునే రిమ్ మీద వేలు పెట్టి వాసన చూసింది.

“ఏంది మే, చక్రానికి తలంటు పోసినావా?”

నేలలోకి కూరుకుపోవాలనిపించింది. రాసింది నేనే. సముద్రపు గాలికి తుప్పు పడుతోందని, మా అమ్మ కత్తిపీటకు రాసినట్టు, రెండు నెలలుగా ప్రతి శుక్రవారం రిమ్‌కి కొబ్బరి నూనె రాస్తున్నాను. మెరుస్తుంటే సంతోషపడ్డాను కూడా.

మా ఆయన పడి ఉంటే నా చేత్తో నేనే పడేసినట్టు.

కానీ మూడుసార్లు సర్వీస్ చేసినవాడు ఒక్కసారి కూడా రిమ్ మీద వేలు పెట్టి చూడలేదు. ప్రతిసారీ కేబులే బిగించాడు.

పెద్దమ్మ తిట్టలేదు. వేడినీళ్లు, సబ్బు తెప్పించింది. రిమ్ నాలుగుసార్లు కడిగించింది. బ్రేకు రబ్బర్లు విప్పి గరుకు ఉప్పు కాగితంతో రుద్దించింది. నల్లటి మడ్డి వచ్చింది. వాటిని తిరిగి తనే బిగించి, సోమవారం తెల్లారే రా, ఇది నువ్వే నేర్చుకోవాలి అంది.

అక్టోబర్ 7, సోమవారం, ఉదయం

ఆయన ఆరున్నరకి లేస్తారు. ఐదున్నరకే సైకిల్‌తో పెద్దమ్మ పెరట్లో ఉన్నాను.

పది నంబర్ స్పానర్. చేతిలో రెండుసార్లు జారింది. బ్రేక్ షూ అంటే రబ్బరు ముక్క, దానికి ఇనుప తొడుగు. తొడుగుకి ఒక కొస మూసి ఉంటుంది, ఇంకో కొస తెరిచి ఉంటుంది. ఎటైతే ఏముందని బిగించాను. పెద్దమ్మ చూసి కూడా ఏమీ అనలేదు. గట్టిగా తోసి బ్రేకు పట్టమంది. మూడోసారి పట్టేసరికి రబ్బరు తొడుగులోంచి, తడి చేతిలోంచి సబ్బు బిళ్ల జారినట్టు, జారి నేల మీద పడింది.

“మూసిండే పక్క ముందరికి. చక్రం రబ్బర్ని ముందరికి ఈడ్చుకపోతాది మే. మూత ఉంటే ఆపతాది. లేకుంటే నువ్వు యాడ పోయి ఆగతావో నీకే తెలీదు.”

వెంట తెచ్చుకున్న ఈ పుస్తకంలో ఆ మాట రాసుకున్నాను. ఏం రాశావని అడిగింది. ఆమెకు తెలుగు మాటలు వచ్చు, అక్షరాలు రావు. చదివి వినిపించాను. బొమ్మ కూడా వెయ్యమంది. వేశాను. బాణం గుర్తు పెట్టాను. మూసిన వైపు ముందుకు తిప్పి బిగించి ఇంటికి తెచ్చాను.

అక్టోబర్ 9, బుధవారం

ఆయన సంతోషంగా వచ్చారు. బ్రేకు పట్టగానే ఆగుతోందట. చూశావా, దురై అన్న చేయి పడితే అంతే, నువ్వే ఊరికే కంగారుపడ్డావు అన్నారు.

చారు వడ్డించాను. బాగుచేసింది నేనని చెబితే కొబ్బరి నూనె సంగతీ చెప్పాలి. చెప్పలేదు. చెప్పు అరగడం లేదు. అది చాలు.

అక్టోబర్ 11, శుక్రవారం

ఆయుధ పూజ. షాపు ముందు వాడుకగా వచ్చేవాళ్ల సైకిళ్లన్నీ వరుసగా పెట్టి, గంధం, కుంకుమ అద్ది, దండలు వేశారు. ఒక్కో చక్రం కింద ఒక నిమ్మకాయ. పొద్దున్నే ఆయన మాదీ తీసుకెళ్లారు. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు.

సాయంత్రం తెచ్చారు. పాప బడికి వెళ్తోందని, చిన్నదురై అన్న నాలుగు కొత్త బ్రేక్ షూలు తన చేత్తో వేశాడట. డబ్బులేమీ తీసుకోలేదట. చెబుతుంటే ఆయన కళ్లు చెమర్చాయి. పూజ చేసిన బండి, సోమవారం పాప ఎక్కేదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నారు. మూలన పెట్టి కొత్త తువ్వాలు కప్పారు.

కొత్త షూలు. ఎటు వేశాడో.

అక్టోబర్ 12

కావ్యను బడిలో చేర్చాం. టీచర్ దాని వేలు పట్టుకుని బియ్యంలో అక్షరం దిద్దించింది. తమిళ అక్షరం. నాకు చదవడం రాలేదు.

అక్టోబర్ 13, ఆదివారం

ఆయన స్నానానికి వెళ్లినప్పుడు తువ్వాలు ఎత్తి చూశాను. నాలుగూ తిరగేసి ఉన్నాయి. నాలుగింటికీ తెరిచిన వైపే ముందుకు.

పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తాను. తాళం. కడలూరులో కూతురింటికి వెళ్లిందట, మంగళవారం గానీ రాదట. స్పానర్ ఆ తాళం వెనక ఉంది.

ఆయనకు చెప్పాను. మాట తడబడింది. ముందు నవ్వారు, తర్వాత కోపం వచ్చింది. ముప్పై ఏళ్లుగా చేస్తున్నవాడికి నువ్వు నేర్పుతావా అన్నారు. ఈ మాట అన్న చెవిన పడితే, ఓనరమ్మ ఖాళీ చెయ్యమంటే, పిల్లతో ఎక్కడికి పోతాం అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. ఆయనకూ భయమే. నా భయం ఇంకోటి.

అన్నం పెట్టాను. ఇద్దరం తినలేదు.

అక్టోబర్ 14, సోమవారం, ఉదయం పదిన్నర

 వరుసగా రాస్తాను.

ఎనిమిదింబావుకి ఆయన సైకిల్ బయట పెట్టారు. ఎదురుగా చిన్నదురై అన్న, పాప ఎక్కుతుంటే చూద్దామని షాపు మెట్టు మీద నిలబడ్డాడు. టీ వాళ్లు కూడా ఉన్నారు. ఆయన సీటు తుడిచి చేతులు చాపారు. కావ్య నా చంకలో ఉంది. కొత్త బూట్లు వేసుకుంది.

నేను ఇవ్వలేదు.

ఆయన మెల్లగా, ఏటిది, అందరూ చూత్తున్నారు అన్నారు. అన్న కూడా ఏమైందని అడిగాడు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“పాపను ఇవ్వనండి. మీరొక్కరే వీధి చివరిదాకా వెళ్లి, గట్టిగా బ్రేకులు పట్టుకుంటూ రండి. మన గుమ్మం ముందు ఆగితే ఇస్తాను.”

టీ తాగేవాడు నవ్వాడు. అన్న నవ్వలేదు. “ఏంమా తంగచ్చీ, నువ్వు మెకానిక్ అయిపోయినావా?” అన్నాడు, సగం తమిళం, సగం తెలుగు. తంగచ్చి అంటే చెల్లెలు.

ఆయన మొహం ఎర్రబడింది. నా మీద కోపంతోనే ఎక్కారు. చివరిదాకా వెళ్లి తిరిగారు. కోపంలో వేగంగా వచ్చారు. దారిలో రెండుసార్లు బ్రేకు పట్టారు, చప్పుడు వినిపించింది. మా గుమ్మం దగ్గరికి వచ్చి మూడోసారి పట్టారు. ఆగలేదు. మమ్మల్ని దాటిపోయారు. ముందు చక్రం నుంచి నల్లటి రబ్బరు ముక్కలు రెండు ఎగిరి కాలువ పక్కన పడ్డాయి. ఆయన కాలు నేలకు రాస్తూ, ఎవరిదో స్కూటర్‌కి గుద్దుకుని ఆగారు. పిక్క గీరుకుపోయింది. పాప సీటు ఖాళీగా ఉంది. స్కూటర్ హ్యాండిల్ సరిగ్గా ఆ సీటు మీదికి వచ్చి ఉంది.

ఎవరూ నవ్వలేదు.

అన్న వచ్చి ముక్కలు ఏరాడు. సరుకు మంచిది కాదు, కంపెనీవాడు మోసం చేశాడు అన్నాడు. నేను పాపను దించాను. తమిళం వెతుక్కోలేదు.

“సరుకు మంచిదే అన్నా. మూసిన వైపు ముందుకు ఉండాలి. స్పానర్ ఇవ్వండి, పది నంబర్.”

ఇవ్వడేమో అనుకున్నాను.  జేబులోంచి తీసి ఇచ్చాడు.

రోడ్డు మీదే కూర్చున్నాను. నాలుగూ విప్పి, రబ్బర్లు లోపలికి తోసి, తిప్పి బిగించాను. చెంగు నల్లబడింది. ఆయన పిక్క మీద చెయ్యి పెట్టుకుని నిలబడి చూశారు. ఎవరు నేర్పారని అడిగారు. చెప్పాను. రిమ్‌కి కొబ్బరి నూనె రాసింది కూడా నేనేనని చెప్పాను, అందరూ వింటుండగానే. 

ఆయన మళ్లీ వీధి చివరిదాకా వెళ్లి వచ్చారు. బ్రేకులు పట్టుకుంటూ వచ్చారు. గుమ్మం ముందు ఆగారు.

అప్పుడు పాపను ఇచ్చాను.

స్పానర్ అన్న చేతికి ఇచ్చాను. తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఓనరమ్మకి ఏం చెబుతాడో తెలియదు.

అక్టోబర్ 15, మంగళవారం, ఉదయం ఆరు

షాపు అప్పుడే తెరిచి ఉంది. దండలు వాడిపోయిన సైకిళ్లు ఐదు, రోడ్డు మీద తలకిందులుగా ఉన్నాయి. అన్న ఒక్కడే కూర్చుని వాటి బ్రేక్ షూలు విప్పి, తిప్పి బిగిస్తున్నాడు. తల ఎత్తలేదు.

నేను తలుపు వెయ్యలేదు.