లాస్ట్ బస్ రాక

ఆళ్లగడ్డ

లాస్ట్ బస్ యాజమాన్యం వారికి, ఆళ్లగడ్డలో ఇనుప సామాన్ల అంగడి పెట్టుకున్న మహానందయ్య నమస్కరించి రాయునది.

అయ్యా, మొన్న శనివారం నేనూ, నా చిన్ననాటి స్నేహితులు ఆనందరావు, ఓంప్రకాష్ నంద్యాలకు అంగడి సరుకు చూసేకి వచ్చినాం. సాయంత్రం ఆనందరావు నా చేతిలో మీ టిక్కెట్టు పెట్టి, "ఇంగ మనకు ఇదే బస్సప్పా, పా" అన్నాడు. చూస్తే "లాస్ట్ బస్, ఇండీ రాక్, ఏడు గంటలకు" అని ఉండాది. ఇండి కర్ణాటకలో ఊరని నాకు తెలుసు. "రాక"కు పొల్లు పెట్టి "రాక్" అని తప్పు అచ్చేసినారు, అదీ సర్దుకున్నా. రాక టైము ఏసినారు గానీ పోక టైము యాడా లేదు.

లోపలికి పోతే పెద్ద హాలు, మెత్తటి కుర్చీలు. ప్రయాణికులకు ఇంత వసతి చేసినారే అని సంతోషపడి, కొన్న పారలు రెండూ ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నా. పొద్దుపోయేకి కాబోలు, నలుగురు పిల్లోళ్లు గిటార్లు వాయిస్తాండ్రి. వాయిస్తానే ఉండ్రి. బస్సు రాలే. ఓర్చుకోలేక లేచి "బస్సు యాడప్పా?" అని అరిస్తి. వెనకున్నోళ్లంతా "బస్సు! బస్సు!" అని నాతో పాటు అరిచినారు. అంటే బాధ నా ఒక్కనిది కాదు గదా! నా స్నేహితులిద్దరూ మాత్రం సిగ్గులేకుండా చప్పట్లు కొడ్తా కూర్చుండ్రి. కడకు టమాటా లారీ ఎక్కి ఇల్లు చేరినాం. ఆ పొద్దు నుంచి వాళ్లిద్దరితో నాకు మాటల్లేవు.

బస్సు ఎందుకు రాలేదో జవాబు రాయాల. ఫోన్లో చెప్పిన మాట గాలికి పోతాది, అందుకే టిక్కెట్టు వెనకున్న అడ్రసుకు కాగితం పంపిస్తాండా.

ఇట్లు,
నిలువునా మోసపోయిన మహానందయ్య

తా.క. నడుమ ఒకసారి పొగ వచ్చింది. బస్సు వచ్చిందని పారలెత్తుకుని లేచినా. ఉత్త పొగే.

*

నంద్యాల

పెద్దలు మహానందయ్య గారికి, లాస్ట్ బస్ వ్యవహారాలు చూసుకునే శ్రీవాణి నమస్కారాలు.

చేత్తో రాసిన ఉత్తరం మాకు రావడం ఇదే మొదలు. ఎంత చమత్కారంగా రాశారండీ! అందరం చుట్టూ చేరి చదువుకుని, కడుపు పట్టుకుని నవ్వినాం. లాస్ట్ బస్‌ను ముందుండి నడిపించేది మా తమ్ముడు పవన్. వాడైతే మీ ఉత్తరాన్ని గోడకు అంటించుకున్నాడు.

మీరన్నట్టు ఆ రోజు అనుకున్నంతగా రాలేదు, ఒప్పుకుంటాం. డ్రమ్ములు డోన్‌లో చిక్కుకుపోయినాయి. పవన్‌కేమో గొంతు పట్టేసింది. మీరు లేచి "బస్సు" అని అరిచినాకే మాకు ప్రాణం లేచొచ్చింది. మీలాంటి పెద్దవాళ్లు అడగాలే గానీ, లాస్ట్ బస్ ఏమైనా చేస్తుంది.

మీ అభిమానానికి ఋణపడిన,
శ్రీవాణి

తా.క. తప్పుగా అనుకోకండి. ఒళ్లో పారలెందుకు? మీరు కొట్టేకి వచ్చినారేమోనని పవన్ రెండో పాటలో మాటలు మర్చిపోయినాడు.

*

ఆళ్లగడ్డ

చిరంజీవి శ్రీవాణికి ఆశీస్సులు.

అమ్మా, నా అగచాట్లు నీకు చమత్కారమా? ఉండనీ, చిన్నపిల్లవు. డ్రమ్ములు డోన్‌లో చిక్కుకుంటే డీజిలు నంద్యాలలో దొరకదా? డ్రైవరుకు గొంతు పడితే కాళ్లూ చేతులకేమొచ్చింది? బండి నడిపేవానికి పాటలెందుకసలు? మీ నాయనకు చెప్పి మందలించమను.

ఏమైనా చేస్తామంటివి కాబట్టి అడుగుతాండా. చీకటి పడితే మా అంగడి కాడ ఏ బస్సూ నిలవదు. హారను కొట్టి ఎగతాళి చేసినట్టు పోతాయి. అర్జీలు పెట్టి పెట్టి చేతులు నొప్పి పుట్టినాయి. మీ లాస్ట్ బస్ మా ఊరికి రావాల. నా అంగడి ముందరే నిలవాల. స్టేజీ నేనే కట్టిస్తా.

ఆశతో,
మహానందయ్య

తా.క. "ఊరూరా కొట్లాడేది చాలు, ముందు ఆనందరావన్నతో మాట్లాడు" అంటాంది మా ఇంటామె శారదమ్మ. బస్సొచ్చినాక చూద్దామన్నా.

*

నంద్యాల

పెదనాయనా, శ్రీవాణి నమస్కారం. ఇంగ "గారు" అనేకి మనసు రాలేదు.

సొంతంగా స్టేజీ కట్టించి మమ్మల్ని పిలిచినోళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు! మీ ఉత్తరం చదివి పవన్ ఏడ్చినంత పని చేసినాడు. వచ్చే శనివారం సాయంత్రం లాస్ట్ బస్ ఆళ్లగడ్డలో ఉంటుంది. స్టేజీ గట్టిగా ఉందా? మావాళ్లు బాగా ఎగురుతారు. ఎంతమంది వస్తారు?

ఉరుకులు పరుగుల్లో,
శ్రీవాణి

తా.క. కరెంటు మాత్రం బాగుండాల. మధ్యలో పోతే లాస్ట్ బస్ అక్కడికక్కడే ఆగిపోతుంది.

*

ఆళ్లగడ్డ

చిరంజీవి శ్రీవాణికి,

స్టేజీ తయారు. నాపరాళ్లు పరిపించి, పైన రేకులేసినా. ఎగురుతారంటే మా రోడ్డు గుంతల సంగతి మీకు ముందే తెలిసిందన్నమాట. కరెంటు బస్సని చెప్పలేదే! పక్కింటి మిషను కుట్టే అనిత కాడి నుంచి వైరు లాగిస్తా. నంద్యాల పోయేవాళ్లు, అవుకు పోయేవాళ్లు మూటా ముల్లెతో అరవైమంది దాకా తయారు. ఆ చప్పట్ల స్నేహితులకు మాత్రం నేను చెప్పలే.

ఎదురుచూస్తాండే,
మహానందయ్య

తా.క. పిల్లకు అర టిక్కెట్టేనా, కోడికి కూడా కొట్టాలా అని ఏసమ్మ అడుగుతాంది.

*

ఆళ్లగడ్డ

తల్లీ శ్రీవాణీ,

శనివారం రాత్రి మీరు సామాను సర్దుకునే హడావిడిలో ఉన్నప్పుడు చెప్పేకి నోరు రాలే. అందుకే రాస్తాండా.

మీ వ్యాను మీద "లాస్ట్ బస్" అని చూసి జనం మూటలతో ఎగబడితే, నువ్వు దిగి "ఉండండి, మేం పాడేకి వచ్చినాం!" అంటివి చూడు, అప్పుడెక్కింది నా తలకు. ఇండి, రాక, డోన్ డ్రమ్ములు, అన్నీ ఒక్కసారే. అవుకు పోయే ఆయన "ఏం మహానందయ్యా, బస్సేదీ?" అనె. ఊరి ముందర నా తల తీసేసినట్టాయె.

అప్పుడు జనం వెనక నుంచి "బస్సు! బస్సు!" అని అరుపు. చూస్తే ఆనందరావు, ఓంప్రకాష్. పిలవకపోయినా వచ్చి, చప్పట్లు కొడ్తా పోయి స్టేజీ ముందర కూర్చుండ్రి. వాళ్లను చూసి ఏసమ్మ కోడితో సహా కూర్చునె. ఆమెను చూసి అందరూ మూటల మీదే కూర్చుండ్రి.

పవన్ పాట ఎత్తుకున్నాక ఆనందరావు నా చెవిలో చెప్పె: "అది పాటలని మాకు ముందే తెలుసప్పా. అంగడి పెట్టినకాడ్నించి యాడికి పిలిచినా రాకపోతివి. పాటలంటే వస్తావా? బస్సంటే వస్తావు. హాల్లో చెప్దామనుకుంటే నువ్వే లేచి అరుస్తాంటివి. నిన్ను అంత ఉషారుగా ఎన్నేండ్లకు చూసినామో! ఆపబుద్ధి కాలే."

తన్నాలనిపించింది. "టమాటా లారీలో గూడా చెప్పకపోతివి గదరా" అన్నా. "నీ చేతిలో పారలుండె" అనె ఓంప్రకాష్. నాకు నవ్వొచ్చె. జరిగి ఇద్దరి నడుమ కూర్చున్నా.

నువ్వు చూసినావో లేదో, నడిపాటలో నిజం బస్సు వచ్చె. అంత జనాన్ని, అన్ని మూటల్ని చూసి డ్రైవరు బ్రేకేసె. కండక్టరు తల బయట పెట్టి "ఎక్కేవాళ్లు తొందరగా రండి!" అని అరిచె. ఒక్కరూ కదల్లే. కండక్టరు నా వైపు చూసి "పెద్దాయనా, ఎక్కుతావా లేదా?" అనె.

"ఉండప్పా, పాట అయిపోనీ" అన్నా.

మీ గొంతు బాగుండాలని దీవించే,
మహానందయ్య పెదనాయన

తా.క. ఆ డ్రైవరు, కండక్టరు దిగి సోడాలు తాగి, కడదాకా విని పోయినారు. బస్సులో ఉండిపోయిన ప్రయాణికులందరూ కలిసి ఇప్పుడు నా మీద అర్జీ రాస్తాండారంట.