ఏడో బండి నడవదని రాసుకొనుట గురించి

జిల్లా వారసత్వ ఆస్తుల మదింపు అధికారి గారి సముఖమునకు, నారిన్ లోయలోని కారాసూ గ్రామ పశువుల కాంపౌండరు ఆషిర్‌బెక్ వ్రాసుకొన్న విన్నపం.

అయ్యా,

విషయం: ఐదు నెలల క్రిందట కాలం చేసిన మా అన్న, మెకానిక్ తొక్తోసున్ గారి ఏడు వాహనాలను మదింపునకు సిద్ధపరచుట, అందులో ఏడవదానికి మినహాయింపు కోరుట.

1. తమ నోటీసు ప్రకారం వాహనాలన్నీ కడిగి, లోపల ఖాళీ చేసి, నంబర్లు కనపడేలా గీకి, ఇంజన్లు స్టార్టు చేసి చూపవలెను. గడువు ఈ నెల ఇరవై. దాటితే ఫైలు మూసివేయబడునని, మా వదిన బురుల్చా పేరున ఏదీ మారదని నోటీసు చివర ఉన్నది. అది చదివిన నాటి నుండి నాకు నడుము వాల్చే తీరిక లేదు.

2. కడిగితిని. ఇక్కడ నీళ్లు పోసిన చోటే గడ్డకట్టును. మంచు గోకితే రంగు కూడా ఊడి వచ్చినది. అందుకు విలువ తగ్గించరాదు.

3. బస్సులో గడ్డి ఉండెను. తీసితిని. గొర్రెలు నా వంక చూచే చూపు బాగులేదు.

4. రెండవ లారీకి రెండు నంబర్లున్నవి. ముందుభాగం ఒక లారీది, వెనుకభాగం మరొకదానిది; అతికినది మా అన్న. ఒక వాహనమునకు ఒకే నంబరు రాయమంటే ఏ సగానిది రాయను? ఆయన్నే అడగాలి. అడగడానికి మనిషి లేడు.

5. అసలు కష్టం ఏడవది, అన్న రోజూ తిరిగిన పాత జీపు. మా వైపు మగవాడు పోతే అతని గుర్రం తోక కత్తిరించి, ఏడాది విందు దాకా ఎవరినీ ఎక్కనివ్వకపోవుట పెద్దల నాటి ఆచారం. అన్నకు గుర్రం లేదు. అందుచేత వదిన జీపు అద్దానికి నల్లగుడ్డ కట్టి, తాళంచెవి జేబులో వేసుకున్నది.

"విందయ్యేదాకా దీన్నెవరూ కదపడానికి వీల్లేదు," అన్నది.

"విందు రోజున ఆ గుర్రాన్ని కోసి వండుతారు కదా వదినా. దీన్నీ వండుతావా?"

"ముందు నిన్ను వండుతా. ఆఫీసోళ్ల తరఫున మాట్లాడతావేంటి?"

ఆనాటి నుండి ఆ ఇంట నాకు టీ లేదు. తమకూ ఆమెకూ మధ్య అడకత్తెరలో పోకచెక్కనైతిని.

కావున ఏడవ వాహనమును స్టార్టు చేయకనే, 'నడవదు' అని రాసుకొని, పాత ఇనుము కింద జమకట్టవలెనని ప్రార్థన. అలసిపోయాను సారూ. అన్న పోయాక ఏడవడానికి కూడా నాకింకా తీరలేదు, ఫారాలే నింపుతున్నాను.

ఇంతకు మించి విన్నవించుకొనే ఓపిక లేని వానిగా ఎంచి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆషిర్‌బెక్

తా.క.: సంతకం కోసం అర్జీని వదినకు చదివి వినిపించాను. 'నడవదు' దగ్గర ఆపింది.

"మీ అన్న బండి నడవదా? కొట్టెయ్ ఆ మాట."

"మరి స్టార్టు చెయ్యనివ్వవుగా!"

తర్వాత తనే వెళ్లి నల్లగుడ్డ విప్పి, తాళంచెవి నా చేతిలో పెట్టింది. "నేను అటు తిరుగుతాను. కానివ్వు."

అన్న ఉండగా మూడుసార్లు తోస్తే గానీ కదలని బండి, ఒక్క తిప్పుకే అందుకుంది. వదిన గోడకేసి తిరిగి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

అందుచేత ఐదో అంశం రద్దు. ఈ కాగితం పాలవ్యాను అతనికిచ్చి పంపుతున్నాను. మీ మనిషిని అదే వ్యానులో ఎక్కించండి. ఇంజను ఇంకా ఆడుతూనే ఉంది. ఆపమని ఆమె అనదు, ఆపడానికి నాకు చేతులు రావడం లేదు. పెట్రోలు సాయంత్రం దాకానే వస్తుంది.