మూడు వందల రోజుల గొడుగు

అక్కకు, తమ్ముడు రాసేది. అక్షరాలు కోడి గెలికినట్టున్నాయని కంగారు పడకు, ఎడమ చేత్తో రాస్తున్నాను. పోయిన నెల ఫ్యాక్టరీలో కుడి చెయ్యి ప్రెస్సు మిషన్లో పడి రెండు వేళ్ళు పోయాయి. ప్రాణానికేం ఢోకా లేదు. డాక్టరు ఆరు వారాలు ఇల్లు కదలొద్దన్నాడు. నాలుగో రోజే కంపెనీ జీపు గుమ్మం ముందు ఆగింది. "పనేం చెయ్యక్కర్లేదయ్యా, వచ్చి కుర్చీలో కూర్చో చాలు. నువ్వు సెలవు పెడితే బోర్డు మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాలి" అన్నాడు సూపర్‌వైజరు. ప్రమాదం లేకుండా ఇన్ని రోజులు గడిచాయని గేటు దగ్గర ఒక బోర్డు ఉంటుందిలే. మనిషి హాజరు పట్టీలో ఉంటే ప్రమాదం జరగనట్టే లెక్క. ఊరికే కూర్చోబెడితే బాగుండదని నాకో తేలిక పని కూడా చూపించారు. రోజూ పొద్దున్నే ఆ బోర్డు మీద అంకె మార్చేది నేనే.

బావగారి పాత టీ షర్టులు నాలుగు పంపు, చొక్కా గుండీలు పెట్టుకోవడం నావల్ల కావడం లేదు. అమ్మకు చదివి వినిపించేటప్పుడు ఇక్కడిదాకా దాటెయ్యి.

వంటింటి కప్పు కారడం ఆగిందా? నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నిన్నటితో మూడు వందల రోజులు నిండాయని మా కంపెనీలో అందరికీ తలా ఒక గొడుగు పంచారు. అటు వచ్చేవాళ్ళ చేత నాది పంపుతాను, అమ్మను వాడుకోమను. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. గొడుగు మంచిదే. విప్పడానికే రెండు చేతులూ కావాలి.