గుండ్రటి కిటికీ ఇంటి అద్దె

అత్తయ్యా,

మీ ఉత్తరం అందింది. మీరు కుట్టుపని చేసే లాండ్రీ షాపు కవరులో పెట్టారేమో, కాగితానికి ఇస్త్రీ వాసన పట్టింది. విప్పగానే మీరు పక్కనే కూర్చుని పాంటు అంచు మడుస్తున్నట్టు అనిపించింది. ఫోన్ చేద్దామంటే ఆ రెండు గదుల ఇంట్లో మీ అబ్బాయి, ఆయన కొత్త భార్య ఉంటారు. మనం ఏం మాట్లాడుకున్నా వాళ్ళకీ ఇబ్బంది, మీకూ ఇబ్బంది. మనకి ఉత్తరాలే నయం.

ఇక మీ ప్రశ్న. "నువ్వు పనిచేసే నవ్వుల సీరియల్ చూస్తున్నాను. ఆ పిల్ల కాఫీ షాపులో ఒక్క పూటే పనిచేస్తుంది. ఆ పాటలబ్బాయికి పనే లేదు. ఆ పొడుగాయన్ని వారం వారం ఉద్యోగంలోంచి పీకేస్తుంటారు. ముగ్గురూ పొద్దస్తమానం సోఫాలోనే ఉంటారు. అంత పెద్ద హాలుకి అద్దె ఎవరు కడుతున్నారే అమ్మాయీ?" అని రాశారు. నాకు నవ్వాగలేదు. తీసుకెళ్ళి మా రచయితగారికి చూపించాను. ఆయన తల గోక్కున్నాడు.

"వాళ్ళ పెద్దమ్మ ఇల్లు అనుకోమనండి."

"మా అత్తయ్య అనుకోదండీ. పెద్దమ్మ ఎప్పుడైనా వచ్చిందా, కరెంటు బిల్లు ఆవిడే కడుతోందా అని మళ్ళీ రాస్తుంది."

పక్కనే ఉన్న డైరెక్టరుగారు కల్పించుకున్నారు. "హాలు చిన్నదైతే నా కెమెరాలు ఎక్కడ పెట్టుకోనమ్మా? ఆ ఇంటి అద్దె కడుతున్నది కెమెరాలే. అలా రాయండి మీ అత్తగారికి." అందరూ నవ్వారు. రచయితగారు మాత్రం మీ ఉత్తరం ఇంకోసారి చదివి, "ఇన్నాళ్ళలో ఈ మాట అడిగింది ఈవిడొక్కరే" అన్నాడు. పాపం, ఆయన పెళ్ళాంపిల్లలతో బావమరిది ఇంటి ముందుగదిలో ఉంటాడు. ఆ ముగ్గురికీ అంత హాలు రాసిచ్చింది మాత్రం ఆయనే.

నవ్వులాట అయిపోయింది. ఇప్పుడు రాయాల్సింది రాస్తాను.

ఆ సీరియల్ మీ టీవీలో మొదలైన రోజు నుంచీ నేను భయపడుతూనే ఉన్నాను. నీలం సోఫా, గుండ్రటి కిటికీ, వంటగదికీ హాలుకీ మధ్య ఆ పొట్టి గోడ, దాని మీద ఎర్ర కూజా. నేను ఈ ఊరొచ్చి ఇల్లు తీసుకున్నానని మీకు రాసిన ఉత్తరాల్లో ఉన్న ఇల్లు అదే. అప్పటికి ఇంకా సీరియల్ రాలేదు. సెట్టు కడుతున్నారు. సామాన్లు సర్దే పనిలో నన్ను చేర్చుకున్నారు. ఏ కప్పు ఎక్కడుండాలి, నిన్నటి దిండు ఇవాళ ఏ పక్కకి వాలి ఉండాలి, అవన్నీ చూసుకునేది నేనే. పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళి ఆ హాల్లో దీపాలు వేసి, దుమ్ము తుడిచి, కాసేపు ఆ కిటికీ దగ్గర నిలబడేదాన్ని. కిటికీ బయట గుడ్డ మీద రంగులేసిన ఆకాశం. అయినా సరే, బాగుండేది. సాయంత్రం హాస్టలుకి వెళ్ళి మీకు ఉత్తరం రాయబోతే ఆ ఇల్లే రాయాలనిపించేది.

నేను ఉండేది హాస్టలు అత్తయ్యా. ఒక గదికి నలుగురం. నాది పై మంచం. లేచి కూర్చుంటే తల కప్పుకి తగులుతుంది. నేను ఇల్లు వదిలి వచ్చిన రోజు మీరు గుమ్మంలో నిలబడి "ఎక్కడుంటావే?" అని అడిగారు. మీ అబ్బాయి చెడ్డవాడు కాదు, నేనూ కాను, మాకు కుదరలేదంతే. కానీ మీరు ఆ మాట అడిగినప్పుడు మీ మొహం చూడలేకపోయాను. అందుకే మీ కోసం ఒక ఇల్లు కట్టిపెట్టాను. మీరు ఉత్తరంలో ఆ సోఫా గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. గుర్తుపట్టారని నాకు తెలుసు.

ఇంకొక సంగతి. ఈ జీతంతో ఇక్కడ ఒంటరిగా ఇల్లు తీసుకోవడం నా వల్ల కాదు. ఈ పై మంచం మీద ఇంకో ఏడాది పడుకోవడమూ నా వల్ల కాదు. దూరంగా ఒక బడి ఉంది, కొండ మీద. పిల్లల వసతిగృహంలో వార్డెన్ పని ఇస్తామన్నారు. గది వాళ్ళదే, భోజనం వాళ్ళదే. ఈ నెలాఖరుకి వెళ్ళిపోదామనుకుంటున్నాను. ఈ పనంటే నాకు చాలా ఇష్టం. ఎంత ఇష్టమో రాయడం మొదలుపెడితే వెళ్ళలేను. అందుకని ఇక్కడితో ఆపుతున్నాను.

మీ
కోడలు (ఇలా రాయొచ్చో లేదో తెలియక ప్రతిసారీ రాస్తూనే ఉన్నాను)


అమ్మాయీ,

రాయొచ్చు. విడాకుల కాగితం నేనూ చదివాను. అందులో వాడి పేరుంది, నీ పేరుంది. నా పేరు ఎక్కడా లేదు.

ఆ ఇల్లు మొదటి రోజే గుర్తుపట్టాను. పక్కన కొత్త కోడలు కూర్చుని ఉంది. "సోఫా ఎంత బాగుందో" అంది. నేను ఊఁ అన్నాను. తర్వాత వారం వారం ఆ ఇల్లే చూశాను, ఆ ముగ్గురు వాగేది వినలేదు. ఆ ఇంటికి పైకప్పు లేదని కనిపెట్టాను. స్నానాలగది తలుపు ఒక్కసారీ తెరవలేదని కనిపెట్టాను. బట్టలు ఆరేసుకునే చోటే లేదు. మనిషి ఉండే ఇల్లయితే ఎక్కడో ఓ తడితువ్వాలు కనబడాలా వద్దా? నా పిల్ల ఇందులో ఉండటం లేదు, మరి ఎక్కడుంటోంది, అనుకున్నాను. నువ్వు అబద్ధం రాశావని కోపం రాలేదు. నన్ను బెంగపెట్టుకోనివ్వకూడదని అంత సోఫా మోసుకొచ్చి పెట్టావే అనిపించింది.

కానీ ఒక విషయంలో నువ్వు నన్ను తప్పుగా అర్థం చేసుకున్నావు. నేను వేళాకోళానికి అడగలేదు. మీ రచయితని నవ్వించడానికీ అడగలేదు. నిజంగానే అడిగాను. చిన్నచిన్న సంపాదనలవాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక ఇంట్లో ఎలా ఉంటారు, అద్దె ఎలా పంచుకుంటారు, ఎవరు ఏది కొంటారు, అది తెలుసుకుందామని అడిగాను. నా కోసం.

ఇక్కడ నాకు లోటేమీ లేదు. కొత్త కోడలు మంచిది. వేళకి పిలుస్తుంది, వేళకి పెడుతుంది. కానీ వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూ ఉండి నేను రాగానే ఆపేస్తారు. నేను వెళ్ళిపోయాక మళ్ళీ మొదలవుతుంది. వాళ్ళ తప్పు లేదు, కొత్త కాపురం. నేను కుట్టుమిషను చప్పుడు చేస్తే వాడికి తలనొప్పి, అందుకని లాండ్రీ షాపు వెనక కూర్చుని కుడుతున్నాను. సాయంత్రమైతే షాపతనే "ఇంటికెళ్ళరామ్మా?" అని అడుగుతాడు. వెళ్ళాలనిపించక ఇంకో పాంటు తీసుకుంటాను.

నువ్వు కొండెక్కకు. నేనే వస్తాను. నీ జీతానికి నా కుట్టుకూలీ కలిస్తే రెండు గదులు దొరకవా? హాలు అక్కర్లేదు, మనకి కెమెరాలు లేవు. పని దొరుకుతుందా అని నాకు దిగులు లేదు. ఏ ఊళ్ళోనైనా మనుషుల కాళ్ళకంటే పాంట్లు పొడుగ్గానే ఉంటాయి. సగం అద్దె నాది. అందులో బేరం లేదు.

మీ ఆయనకి, అదే, వాడికి చెప్పాను. అన్నం తింటున్నవాడల్లా ఆగిపోయాడు.

"అమ్మా, ఆవిడ నీకేమవుతుందని వెళ్తావు? ఇప్పుడు నీ కోడలు కూడా కాదు."

"నువ్వు విడిపోయావు. నన్నెవరూ అడగలేదుగా" అన్నాను.

"వినేవాళ్ళు నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. ఆ పిల్ల పనిచేసేదే నవ్వుల సీరియల్లో."

చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. నీ జవాబు కోసం చూస్తుంటాను.

నీ అత్తయ్య


అత్తయ్యా,

మీ ఉత్తరం చదివి భోజనాల వేళంతా సెట్టు వెనక కూర్చుని ఏడ్చాను. తర్వాత భయమేసింది. ఆ భయం మీకు చెప్పకపోతే మళ్ళీ ఇంకో ఇల్లు కట్టినట్టే అవుతుంది. అందుకని రాస్తున్నాను. కోపం తెచ్చుకోండి, కానీ చివరిదాకా చదవండి.

మీరు రావడం నాకిష్టమే. కానీ మళ్ళీ కోడలిగా ఉండటం నావల్ల కాదేమో. మీరు నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అయినా ఆ ఇంట్లో మీరు లేచేలోపు నేను లేవాలని నాకు నేనే ఆరాటపడేదాన్ని. పని నుంచి ఆలస్యంగా వస్తే గుమ్మంలోనే సంజాయిషీ మొదలుపెట్టేదాన్ని. మీరు నిలబడి ఉంటే నేను కూర్చోలేకపోయేదాన్ని. ఇప్పుడు హాస్టల్లో ఇరుకే, కానీ నేను ఎప్పుడొచ్చానని అడిగేవాళ్ళు లేరు. ఆకలేస్తే తింటాను, లేకపోతే లేదు. ఆదివారం మంచం దిగను. ఇవి చాలా చిన్న విషయాలు. కానీ వీటి కోసమే నేను బయటికొచ్చానని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

మీరు నా కోసం ఎదురుచూస్తూ తినకుండా కూర్చుంటే నేను చచ్చిపోతాను అత్తయ్యా. నా గుడ్డలు మీరు మడతపెడితే నాకు సిగ్గేస్తుంది, పెట్టకపోతే నేను మీవి మడతపెట్టాలేమోనని చూస్తుంటాను. మనిద్దరికీ అలవాటైంది అదే. కొత్త ఇంట్లోకి అదీ సామాన్లతోపాటు దిగుతుందేమోనని నా భయం.

నిన్న ఒక ఇల్లు చూశాను కూడా. చూడకుండా ఉండలేకపోయాను. బ్రెడ్డు షాపు మేడ మీద రెండు గదులు. ఇంటావిడ "ఎవరెవరుంటారు?" అంది. చెప్పాను. "మరి మీ ఆయన?" అంది. ఆయన వేరే ఊళ్ళో వేరే ఆవిడతో ఉంటాడని చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మరి ఈవిడ నీతో ఎందుకుంటుంది?" అంది. దానికి జవాబు మీరే చెప్పాలి.

మీ
అమ్మాయి


చిన్నా,

నేను క్షేమంగా ఉన్నాను. చేరగానే ఫోన్ చేసినప్పుడు ఎక్కువ మాట్లాడలేకపోయాను. నువ్వూ ముక్తసరిగా ఊఁ, ఆఁ అన్నావు. బస్సెక్కించడానికి వచ్చినవాడివి కిటికీ దగ్గర నిలబడి ఏదో అనబోయి నీళ్ళసీసా అందించావు చూడు, అది నాకు చాలు. నీ భార్యకి చెప్పు, కుట్టుమిషను ఒక్క గీత పడకుండా చేరింది. పాత దుప్పట్లు చుట్టి, తాడు కట్టి, తనే సర్దింది. వద్దంటున్నా తన మంచి దుప్పటి కూడా చుట్టేసింది. అది ఉతికి పంపిస్తాను.

ఆ అమ్మాయి నన్ను పట్టుబట్టి రమ్మందని నువ్వు అనుకుంటున్నావు. అలా జరగలేదు. మళ్ళీ కోడలిగా ఉండలేనని రాసింది. ఆ ఉత్తరం షాపులో ఇస్త్రీబల్ల మీద పెట్టుకుని చదివి ఒళ్ళు మండిపోయింది. నేనేం బాధపెట్టాను దీన్ని అనుకున్నాను. కోపంలో ఎవరిదో కొత్త పాంటు బెత్తెడు ఎక్కువ కత్తిరించేశాను. షాపతను లబోదిబోమన్నాడు. ఆ గుడ్డ మళ్ళీ అతుకేస్తూ కూర్చున్నప్పుడు నా సంగతి నాకు గుర్తొచ్చింది. మా అత్తగారు మంచావిడే. నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. అయినా ఆవిడ పోయిన చాన్నాళ్ళ దాకా నేను కాళ్ళు చాపుకుని కూర్చోలేకపోయాను. ఈ పిల్ల రాసింది అదే కదా. నాకు రాయడానికి ఎవరూ లేకపోయారు, దీనికి నేనున్నాను. ఒక్క కార్డు ముక్క రాసి పడేశాను. "కోడలిగా ఉండకు. ఇల్లు పంచుకో. ఇంటావిడ అడిగిందానికి నేనొచ్చి జవాబు చెప్తాను" అని.

వచ్చి చెప్పాను. ఇంటావిడ ఆ ప్రశ్న నన్నూ అడిగింది. "మీ అబ్బాయిని వదిలేసిన పిల్లతో మీరెందుకుంటున్నారమ్మా?" అని. నేను పెద్ద జవాబే ఆలోచించుకుని వచ్చాను. తీరా నోట్లోంచి, "మా ఇద్దరికీ ఇల్లు కావాలండీ" అని మాత్రమే వచ్చింది. ఆవిడ తాళాలు ఇచ్చేసింది.

మొదటివారం ఇద్దరం చుట్టాలింటికొచ్చినట్టు మసిలాం. నేను లేస్తే తను లేవడం, తను లేస్తే నేను లేవడం. ఒక కుర్చీ ఉంటే ఇద్దరం నిలబడే ఉన్నాం. చివరికి నవ్వొచ్చి నేలమీద కూర్చున్నాం. నిన్న మాత్రం ఒక సంగతి జరిగింది, అది నీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

నిన్న కాస్త ఎక్కువ కుట్టుపని దొరికింది. ఆ ఉత్సాహంలో బోలెడు వంట చేశాను. తను వచ్చేవేళకి వేడిగా ఉండాలని మూతలు పెట్టి కూర్చున్నాను. వచ్చింది. గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. పాతరోజుల్లోలాగే సంజాయిషీ మొదలుపెట్టబోతోందని నాకు తెలిసిపోయింది. నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, "నేను తినేసొచ్చానత్తయ్యా. బాగా అలిసిపోయాను, పడుకుంటాను" అంది. అని నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

నాకు చివుక్కుమంది చిన్నా, అబద్ధం ఎందుకు చెప్పను? కానీ, "సరే, దీపం తీసెయ్యనా?" అన్నాను. తను తలూపి వెళ్ళి పడుకుంది. చూస్తుండగానే గాఢంగా నిద్రపట్టేసింది.

నేను ఒక్కదాన్నీ వడ్డించుకున్నాను. మీ నాన్న వచ్చాక, నువ్వు వచ్చాక, నీ భార్య వచ్చాక, ఎప్పుడూ ఎవరో ఒకరు వచ్చాకే తిన్నాను. నిన్న కాళ్ళు చాపుకుని, గోడకి ఆనుకుని, వేడివేడిగా తిన్నాను. మధ్యలో కొంచెం ఏడుపొచ్చింది. రెండోసారి పెట్టుకున్నాను కూడా.

నువ్వు రావాలనుకుంటే రా. కానీ ముందు ఉత్తరం రాయి. నాకొక్కదానికే కాదు, తనకి కూడా రాసి అడుగు. తను సరేనంటే రా. నేను ఎలాగూ సరేనంటాను.

అమ్మ