ఎవరూ లేనివాడి పెద్దమ్మ

కింగ్‌స్టన్, జమైకా,
మంగళవారం.

ఒరే ఎవరాల్డ్,

నీ రెగే పాటకి లండన్‌లో హాళ్లు నిండిపోతున్నాయట, సంతోషం. కానీ పేపర్లో ఆ మాటలేమిట్రా? "నాకెవరూ లేరు, వీధులే నన్ను పెంచాయి" అన్నావట! ఐసిల్డా టీచరు మన వాకిట్లో నిలబడి అందరికీ చదివి వినిపించింది. బట్టలుతుకుతున్నదాన్ని, సబ్బు చేతిలో అలాగే ఉండిపోయింది.

మీ అమ్మ పోయిన దగ్గర్నుంచీ పొద్దున్నే నీకు మొక్కజొన్న జావ కాచింది వీధేనా? చర్చిలో పాడనని మొండికేస్తే చెవి పట్టుకుని లాక్కెళ్లింది వీధేనా? స్టూడియోవాళ్లు నిన్ను గేటు దగ్గరే తరిమేస్తే, మూడు రోజులు ఎండలో నిలబడి "ఒక్క పాట వినండయ్యా" అని బతిమాలింది ఎవర్రా? పేదరికం చెప్పుకో, ఆకలి చెప్పుకో, అవి నిజాలే. నన్నెందుకు చెరిపేశావు?

నిన్న ఆ లండన్ నుంచే ఒక విలేకరి కెమెరా వేసుకుని వచ్చాడు. "ఎవరాల్డ్ మీకేమవుతాడమ్మా?" అని అడిగాడు. వాకిట్లో ఆడవాళ్లంతా నా నోటివంకే చూస్తున్నారు. నాకు ఒళ్లు మండిపోతోంది. అయినా పదిమందిలో నిన్ను అబద్ధాలకోరుని చెయ్యడానికి మనసు రాలేదు. "పక్కింటి కుర్రాడు బాబూ" అన్నాను. ఐసిల్డా టీచరు తల దించుకుంది. అతను రాసుకుని వెళ్లిపోయాడు.

ఆ మాట అన్నాక నాకు అన్నం సయించలేదురా. మళ్లీ ఎవరైనా వస్తే అనలేను. నేను నీకేమవుతానో ఈలోగా నువ్వే వాళ్లకి చెప్పు.

మీ పెద్దమ్మ