వానమ్మ, హత్యలాయన

జూన్ 3

అత్తయ్య హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చింది. స్ట్రోక్ తర్వాత కుడి చెయ్యి సరిగ్గా లేవడం లేదు. మాట అసలే లేదు. మనం చెప్పేదంతా అర్థమవుతోంది. మాటలు లోపలే ఉన్నాయట, బయటికొచ్చే దారి మూసుకుపోయిందట. తెరుచుకోవచ్చు, తెరుచుకోకపోవచ్చు, మొదటి కొన్ని నెలలే ముఖ్యం అన్నాడు డాక్టర్.

టైలరింగ్ షాపు నడిపిన మనిషి. కొలత తప్పిందని ఎవరైనా గొడవకొస్తే, నా టేపు పెరగలేదమ్మా, నువ్వే పెరిగావు అని మొహం మీదే అనేసేది. ఇప్పుడు మంచినీళ్ళు కూడా కళ్ళతోనే అడుగుతోంది. చూడలేకపోతున్నాను.

రోజూ ఆవిడకి ఇష్టమైనవి చదివి వినిపించండి అంది స్పీచ్ థెరపిస్ట్ అమ్మాయి. మా ఆయన పేపర్లో స్కోర్లు తప్ప ఏమీ చదవడు. కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. నా ఖర్మ ఏమిటంటే, అత్తయ్యకి ఇష్టమైన రచయిత్రి వానమ్మ.

వానమ్మ అన్నది నేను పెట్టిన పేరు. ఆవిడ నవల ఏది తెరిచినా వాన పడుతూ ఉంటుంది, హీరోయిన్ కిటికీ దగ్గర నించుని ఉంటుంది. నా రచయిత అలా కాదు. మొదటి పేజీలో శవం, చివరి పేజీ దాకా ఊపిరాడదు. ఆయనకి అత్తయ్య పెట్టిన పేరు హత్యలాయన. ఎవడో చచ్చాడని తెలిసిపోయాక ఇంకా అంత పుస్తకం ఎందుకే అని వెక్కిరించేది. నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ మా ఇద్దరికీ ఇదే గొడవ. పుస్తకాల బీరువాలో పై అరలు ఆవిడవి, కింది అరలు నావి. మా ఆయన మధ్యలో తలదూర్చడు, తెలివైనవాడు.

జూన్ 5

చదివాను. వాన. మళ్ళీ వాన. కాసేపు తెరిపిచ్చింది, నేను సంతోషించేలోపు మళ్ళీ మొదలు. అత్తయ్య కళ్ళు మూసుకుంది. వింటోందో నిద్రపోయిందో తెలియలేదు. నాకు మాత్రం నిద్రొచ్చింది.

జూన్ 9

షాపులో ఇవాళ ఒక పరీక్ష పెట్టాను. నేను పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. దగ్గరచూపుకి అందరూ చిన్నక్షరాల కార్డు చూపిస్తారు, నేను నవల చేతికిస్తాను. అక్షరాలు కనిపిస్తున్నాయా అంటే ఎవరైనా ఆ అనేస్తారు. చదవమంటేనే అసలు సంగతి బయటపడుతుంది. ఇవాళ కొందరికి హత్యలాయన, కొందరికి వానమ్మ ఇచ్చాను. ఒక టాక్సీ డ్రైవర్ అద్దాల సంగతే మర్చిపోయి హత్యలాయన పేజీ తిప్పాడు. ఇంకో పేజీ కూడా తిప్పాడు. మా ఓనరు దగ్గి గుర్తుచేయాల్సి వచ్చింది. వానమ్మని తీసుకున్నవాళ్ళు బాగానే కనిపిస్తోందండీ అని పుస్తకం వెనక్కిచ్చేశారు.

ఇంటికొచ్చి, చూశారా అత్తయ్యా, ఎవరు గెలిచారో అని గొప్పగా చెప్పాను. వాదనకి దిగుతుందేమో అని ఎదురుచూశాను. మౌనంగా నా వైపు చూసింది. ఛీ, ఏం గెలుపు ఇది.

జూన్ 10

థెరపిస్ట్ అమ్మాయి బొమ్మల కార్డులు తెచ్చింది. కప్పు చూపించి ఇదేమిటమ్మా అంది. తాళంచెవి చూపించి ఇదేమిటమ్మా అంది. అత్తయ్య మొహం గోడవైపు తిప్పేసుకుంది. ఆవిడకి అది కప్పు అని తెలియదా? ఇంతమందికి బట్టలు కుట్టి, కొడుకుని చదివించి, చివరికి కప్పు పేరు చెప్పి మార్కులు తెచ్చుకోవాలా?

మా ఆయన వంటింట్లో నిలబడి ఏడ్చాడు. నేను గిన్నెల మీద చూపించాను నా కోపం.

జూన్ 14, సాయంత్రం

అంది. అత్తయ్య ఒక మాట అంది!

జూన్ 14, కాస్త స్థిమితపడ్డాక

అసలు జరిగింది ఇది. షాపు నుంచి అలసిపోయి వచ్చాను. హీరోయిన్‌కి అక్కతో గొడవ జరగబోతోంది, దానికి ముందు రెండు పేజీల నిండా వాన. ఎవరికి తెలుస్తుందిలే అని గుట్టుచప్పుడు కాకుండా రెండు పేజీలూ దాటేసి సరాసరి గొడవలోకి వెళ్ళిపోయాను. మంచం పట్టె మీద దబ్బుమని చప్పుడు. అత్తయ్య ఎడమ చేత్తో కొట్టింది. మొహం ఎర్రగా ఉంది. పెదాలు కదిలాయి, మెడ నరాలు బిగుసుకున్నాయి. కా అంది. మళ్ళీ కా అంది. చివరికి, కాదు.

పుస్తకం నా చేతిలోంచి జారిపోయింది. ఇంకోసారి అనండి అత్తయ్యా అని బతిమాలాను. అనలేదు. పుస్తకం వైపు వేలు చూపించింది. వాన మొత్తం చదివించుకుని గానీ వదల్లేదు.

జూన్ 20

అడిగితే రాదు, ఒళ్ళు మండితే వస్తుంది. ఇదీ నేను కనిపెట్టిన వైద్యం. ఇప్పుడు కావాలనే తప్పు చదువుతున్నాను. హీరోయిన్ రైలెక్కి వెళ్ళిపోయింది అని చదివాను. ఎక్కలేదు అంది అత్తయ్య, నాలుగు విడతల్లో. హీరోయిన్ మామగారు పోలీసు అన్నాను. ప్లీడరు అంది! ఆ నవలలు ఆవిడకి ఎంతగా నోటికొచ్చో ఇన్నాళ్ళూ నాకు తెలియదు.

ఇది నేను చదువుకున్న పుస్తకాల్లో లేదండీ అని థెరపిస్ట్ అమ్మాయి నవ్వింది. కానివ్వండి, అలసిపోతే మాత్రం ఆపేయండి అంది.

జూలై 2

అతి చేశాను. హీరోయిన్ నాయనమ్మ రెండో పెళ్ళికి ఒప్పుకుంది అని చదివాను. అత్తయ్య మొహంలో ఒక పక్క నవ్వొచ్చింది. అంతలోనే ఆగిపోయింది. నన్ను ఎగాదిగా చూసింది. ఇన్నాళ్ళ తప్పులూ వరసగా గుర్తొచ్చి ఉంటాయి. పుస్తకం లాక్కుని దిండు కింద పెట్టేసుకుంది.

జూలై 6

కాదు అని కూడా అనడం లేదు. థెరపిస్ట్ దగ్గరా నోరు విప్పలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

జూలై 8

షాపుకి ఒకావిడ వచ్చింది, చంకలో బిడ్డ, చేతిలో సంచులు. కౌంటర్ మీద వానమ్మే దగ్గరగా ఉంది, అదే ఇచ్చాను. పేజీ తిప్పలేదు. అదే పేజీ మీద అలాగే ఉండిపోయింది. కళ్ళు తడిశాయి. పవర్ ఎక్కువైందేమోనని కంగారుపడ్డాను. పవర్ సరిపోయిందండీ అంది. మా ఇంట్లో నన్నెవరూ ఇంతసేపు కిటికీ దగ్గర నిలబడనివ్వరు అంది.

పుస్తకం ఆవిడ చేతిలోనే ఉండనిచ్చాను. పేజీలు తిప్పితేనే ప్రేమ అనుకున్నాను నేను.

జూలై 9

అత్తయ్య మంచం పక్కన కూర్చుని చెప్పేశాను. నాటకం ఆడాను, మీ నోట మాట వినాలన్న ఆత్రంలో మిమ్మల్ని ఆటపట్టించాను, తప్పే అన్నాను. ఆవిడ దిండు కింద నుంచి పుస్తకం తీసి ఇచ్చింది.

ఈసారి ఒక్క చినుకు వదలకుండా చదివాను. చదువుతుంటే తెలిసింది, వాన పడే చోటల్లా హీరోయిన్‌కి చెప్పాల్సింది ఏదో ఉంటుంది, చెప్పలేదు. రచయిత్రి ఆమెని తొందరపెట్టదు. పక్కనే ఉంటుంది. ఇన్నేళ్ళూ అదంతా దాటేసి చదివిన మొద్దుని నేను.

ఇదెందుకు మీకంత ఇష్టం అత్తయ్యా అని అడిగాను. వెక్కిరింపుగా కాదు, నిజంగా తెలుసుకుందామనే. ఇలా అడగడం ఇదే మొదలు. ఆవిడ ప్రయత్నించింది. తప్పు మాట వచ్చింది, తల అడ్డంగా ఊపింది. ఇంకో తప్పు మాట. నాకు తోచిన మాట అందించబోయి ఆపుకున్నాను. అలాగే కూర్చున్నాను.

ఈవిడకి తొందర లేదు, అంది.

మూడు మాటలు, వరసగా, ఒక దాని వెంట ఒకటి. ఇద్దరం ఏడ్చాం. మా ఆయన పరిగెత్తుకొచ్చి ఏమైందని హడలిపోయాడు.

జూలై 28

హాస్పిటల్లో రివ్యూ. ఎలా ఉందమ్మా అని డాక్టర్ ఆవిడని అడిగాడు. అలవాటుకొద్దీ నేనందుకున్నాను, ఇప్పుడు కొంచెం కొంచెం మాట్లాడుతోందండీ అని. అత్తయ్య నా మోచెయ్యి గిల్లింది. గట్టిగానే. నన్ను చెప్పనీ, అంది.

డాక్టర్ పెన్ను కింద పెట్టాడు. ఆవిడ చెప్పింది. బాగుంది అంది, చెయ్యి బరువు అంది, కోడలు వాగుడు అంది. గదిలో ఉన్న నర్సు కూడా నవ్వింది. గిల్లిన చోట కమిలింది. నా కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

ఆగస్టు 11

అత్తయ్యే అడిగింది, నీ హత్యలాయన్ని తీసుకురా అని! బీరువా కింది అరలోంచి నాకు ప్రాణమైన నవల తెచ్చాను. నాలుగో అధ్యాయం పూర్తయిందో లేదో, తోటమాలే చంపాడు అనేసింది. నిజంగానే తోటమాలే. మొదటిసారి చదివినప్పుడు నేను చివరి పేజీ దాకా పట్టుకోలేకపోయాను! ఎలా తెలిసిందంటే, వాడొక్కడే తొందరలో ఉన్నాడు అంది.

కోపంతో పుస్తకం మూసేశాను. అయినా వదల్లేదు. తర్వాతది చదువు, వాడు దొరికాక ఏం చేస్తాడో చూడాలి అంది. ఆ వాక్యం మధ్యలో ఒక్కసారే తడుముకుంది.

ఆగస్టు 19

పక్క గదిలోంచి అత్తయ్య పిలుస్తోంది. నా పేరు పెట్టి, పూర్తిగా, గొంతెత్తి.

వినబడనట్టు కూర్చున్నాను. ఇంకోసారి పిలవనీ.