పిల్లిముక్కు

అత్తయ్యకు కోడలి దణ్ణాలు. మీ అబ్బాయికి జ్వరం తగ్గింది కానీ వాసనలు ఇంకా తెలియడం లేదు. హాప్స్ పూలు దండిగా వేసిన చేదు బీర్లలో మంచివి ఎంచడమే దుకాణంలో ఆయన పని కదా. నిన్న మూడు గ్లాసులు ముందు పెట్టుకుని, క్యారియర్ ఇవ్వడానికి వెళ్లిన నన్ను "నువ్వు చూసి చెప్పవే" అన్నారు. నోట పెట్టలేదత్తయ్యా, వాసనే చూశాను. ఒకటి నారింజ తొక్కలా, ఒకటి కోసిన గడ్డిలా, మూడోది ఆరని గుడ్డలా ఉన్నాయి. నారింజదే ఎంచాను. యజమాని మెచ్చుకోగానే ఈయన "నేను కాదండీ, మా ఆవిడ" అనేశారు. "నీ ముక్కు బాగయ్యేదాకా ఆవిడనూ తీసుకురావయ్యా" అన్నాడాయన. మీరు వెక్కిరించిన పిల్లిముక్కే ఉద్యోగం నిలిపింది. వెళ్లమంటారా? ఆవిరికి మీరు వేసే ఆకు ఏదో రాయించండి. పొద్దున పాప తల వాసన చూసి, ఏమీ తెలియక, ఆయన చాలాసేపు దాన్ని ఒళ్లోంచి దించలేదు. ఇద్దరినీ దీవించండి.

మీ పిల్లిముక్కు